దూరాన ఉన్న మనవలు – ఫోనులో తాతయ్యలు, మామ్మలు

(పెన్షనర్స్ డే సందర్భంగా మన సంఘం సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అనగానే మనకు 1982 నాటి నకారా తీర్పు గుర్తుకు వస్తుంది. దాని గురించీ, డి.ఏ. బకాయిల గురించీ, హెల్త్ కార్డుల గురించీ నాకంటే బాగా తెలిసినవారు ఇప్పటికే మాట్లాడారు. కార్యదర్శిగారు నన్ను మాత్రం "మీరు మనవల గురించి మాట్లాడండి. మన సభ్యుల్లో సగం మంది ఇళ్లల్లో ఇదే సంగతి" అన్నారు. 1973లో ఎల్.డి.సి.గా చేరి, 2009లో రిటైరయ్యేవరకు తాలూకా ఆఫీసులోనూ, తర్వాత కలెక్టరేట్‌లోనూ ఫైళ్లు రాసిన గుమస్తాను నేను. పిల్లల మనస్తత్వ శాస్త్రం చదివినవాడిని కాను. ఇంట్లో చూసింది, నలుగురిని అడిగి తెలుసుకున్నది, కొంత చదివి తెలుసుకున్నది మీ ముందు పెడతాను.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. మా అబ్బాయి అమెరికాలో డల్లాస్ దగ్గర ఉంటున్నాడు. వాడికి ఇద్దరు పిల్లలు. మనవరాలు 2019లో పుట్టింది. అప్పుడు మేమిద్దరం వెళ్లి ఆరు నెలలు ఉండి వచ్చాం. తర్వాత కరోనా వచ్చింది. 2022లో వాళ్లు ఒకసారి వచ్చి వెళ్లారు. మనవడు 2023లో పుట్టాడు. మా ఆవిడకు గుండెలో స్టెంటు వేశాక, డాక్టరుగారు అంత దూరం విమానంలో వద్దన్నారు. అబ్బాయి వద్దామంటే వీసా స్టాంపింగు దగ్గర ఏమవుతుందోనని భయం. మొత్తానికి ఆ పిల్లవాడిని మా ఆవిడ ఇంతవరకు ఎత్తుకోలేదు. వాడికి రెండున్నరేళ్లు వచ్చాయి. వాడికి తెలిసిన మామ్మ ఫోనులో ఉన్న మామ్మే. ఈ సభలో ఇటువంటివారు ఇంకా ఎందరో ఉన్నారని నాకు తెలుసు. కాబట్టి వీడియో కాల్ అనేది మనకు ముచ్చట కాదు, వేరే దారి లేని దారి.

మనం ఉద్యోగాల్లో ఉన్న రోజుల్లో ట్రంక్ కాల్ బుక్ చేసి పోస్టాఫీసు బల్ల మీద కూర్చునేవాళ్లం. విదేశాల్లో ఉన్నవాళ్లకు నీలం రంగు ఏరోగ్రాం రాస్తే జవాబు రావడానికి మూడు వారాలు. టెలిగ్రాం 2013 జులైలో ఆగిపోయింది. స్కైప్‌లో 2006 నుంచి ముఖాలు చూసుకున్నాం, ఆ స్కైప్‌నీ 2025 మేలో మూసేశారు. వాట్సాప్‌లో 2016 నవంబరులో వీడియో కాల్ వచ్చింది. అదే ఏడాది ఇంటర్నెట్ చవకైంది. ఇవాళ కూరగాయల బండి వద్ద నిలబడి డల్లాస్‌లో ఉన్న మనవడితో మాట్లాడుతున్నాం. ఇంత సదుపాయం ఉండి కూడా, "ఏమండీ, పిల్లవాడు ఫోను దగ్గరికే రాడు" అనే మాట ప్రతి ఇంట్లో వినబడుతోంది. ఎందుకు రాడు? నేను ఈ రోజు చెప్పదలచుకున్నది అదొక్కటే.

మన ఇళ్లల్లో కాల్ ఎలా జరుగుతుందో చూడండి. అబ్బాయి ఫోను తీసుకుని ఆడుకుంటున్న పిల్లవాడి ముఖం ముందు పెడతాడు. ఇటునుంచి మనం మొదలుపెడతాం. ఏం తిన్నావు? స్కూలుకి వెళ్లావా? నేను ఎవరో చెప్పు? తాతయ్యకి పాట పాడి వినిపించు. మామ్మకి ముద్దు పెట్టు. చెప్పవేం? సిగ్గా? మనలో రెవెన్యూ వాళ్లు ఉన్నారు, వాళ్లకు అర్థమవుతుంది. ఇది పలకరింపు కాదండీ, జమాబందీ తనిఖీ! పిల్లవాడు బొమ్మ కారు తోసుకుంటూ వెళ్లిపోతాడు. మనం అబ్బాయిని, "వాడికి మేమంటే ఇష్టం లేదురా" అంటాం. అబ్బాయి వాడిని రెక్క పట్టుకుని లాక్కొస్తాడు. వాడు ఏడుస్తాడు. కాల్ అయిపోతుంది. వారానికోసారి ఇదే.

రెండు మూడేళ్ల పిల్లవాడికి సంభాషణ అనేది తెలియదు. వాడు పక్కింటి పిల్లవాడితో స్నేహం చేసేటప్పుడు కుశల ప్రశ్నలు అడగడు. ఇద్దరూ కలిసి మట్టిలో గుంట తవ్వుతారు, అదే స్నేహం. మనం ఊళ్లో ఉన్న మనవడితో చేసేది కూడా అదే కదా. వాడిని చంకనేసుకుని కొట్టుకు వెళ్తాం, మొక్కలకు నీళ్లు పోస్తాం, బీరకాయ తరుగుతుంటే తొక్క వాడి చేతికిస్తాం. మాట మధ్యలో అదే వస్తుంది. ఫోనులో కూడా పని ముందు, మాట తర్వాత. ఇది తెలిస్తే మిగిలినదంతా సులభం.

"చిన్నపిల్లలకు ఫోను చూపించకూడదంటారు కదండీ" అని ఒక సోదరి నన్ను అడిగారు. నిజమే, చూపించకూడదు. అయితే అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2016లో ఇచ్చిన సలహాలో, ఏడాదిన్నర లోపు పిల్లలకు తెరలు వద్దంటూనే వీడియో కాల్‌ని మినహాయించింది. మన ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వారు కూడా రెండేళ్ల లోపు పిల్లలకు ఏ తెరా వద్దు, అప్పుడప్పుడు బంధువులతో వీడియో కాల్ మాత్రం ఫరవాలేదు అన్నారు. ఈ మినహాయింపు ఎందుకో తెలుసుకోవడం మంచిది.

2003లో అమెరికాలో ప్యాట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్త బృందం ఒక పరీక్ష చేసింది. తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలకు చైనా భాష వినిపించారు. కొందరికి మనిషి ఎదురుగా కూర్చుని ఆడిస్తూ వినిపించింది, కొందరికి అదే టీవీలో చూపించారు. పన్నెండు సార్లు. మనిషి దగ్గర విన్న పిల్లలు ఆ భాష ధ్వనులను పట్టుకున్నారు. టీవీలో చూసినవాళ్లకు ఏమీ అంటలేదు. ఆ తర్వాత 2014లో వెలువడిన మరో పరిశోధనలో రెండు, రెండున్నరేళ్ల పిల్లలకు కొత్త మాటలు నేర్పారు. ఎదురుగా ఉన్న మనిషి నుంచి నేర్చుకున్నారు, వీడియో కాల్‌లో మాట్లాడిన మనిషి నుంచీ నేర్చుకున్నారు. ముందే తీసిపెట్టిన వీడియో నుంచి నేర్చుకోలేదు. కారణం ఏమిటంటే, వీడియో కాల్‌లో మనిషి పిల్లవాడు చేసినదానికి జవాబిస్తాడు. వాడు నవ్వితే నవ్వుతాడు, వాడు ఆగితే ఆగుతాడు. బొమ్మల వీడియోకి ఆ జవాబు చేతకాదు. మనం మాత్రం ఎదురు జవాబు ఇవ్వగల మనుషులం. పిల్లవాడి వైపు చూడకుండా మన ధోరణిలో మనం మాట్లాడుకుంటూ పోతే, మనకూ టీవీకీ తేడా లేకుండా పోతుంది.

ఇక మా ఇంట్లో ఏం చేస్తున్నామో చెబుతాను.

మనవడు అన్నం తినడం మొదలుపెట్టినప్పుడు మా కోడలు ఒక ఉపాయం చేసింది. వాళ్ల రాత్రి భోజనం వేళకి మాకు ఫోను చేసి, దాన్ని గిన్నెకి ఆనించి నిలబెడుతుంది. ఇక్కడ మా ఆవిడ పప్పన్నం కలుపుతున్నట్టు చేతులు తిప్పుతుంది. "ఇదిగో నాన్నా, ముద్ద" అని చెయ్యి ఫోను దగ్గరికి తెస్తుంది. సరిగ్గా అదే సమయానికి అక్కడ కోడలు పక్కనుంచి నిజం ముద్ద నోట్లో పెడుతుంది. చెయ్యి కోడలిది, ముద్ద మామ్మది. వాడికి ఏడాది నిండేసరికి ఫోనులో మామ్మ ముఖం కనబడగానే నోరు తెరిచేవాడు. మా ఆవిడ ఆ రోజు చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు. కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చుంది.

కథల విషయానికి వస్తే, అన్ని కథలూ ఫోనుకి పనికిరావు. రాజుగారి వేట, అడవి, రాక్షసుడు అంటూ పది నిమిషాలు చెబితే పిల్లవాడు ఎప్పుడో లేచిపోతాడు. ఏడు చేపల కథ మాత్రం ఫోను కోసమే పుట్టిందా అన్నట్టు కుదిరింది. అది మొదటినుంచి చివరిదాకా ప్రశ్నలూ జవాబులే కదా. చేప గడ్డిమోపు మీద, గడ్డిమోపు ఆవు మీద, అలా ఒకరి మీద ఒకరు చెప్పుకుంటూ చీమ దాకా పోతారు. (ఆఫీసులో మనం ఆలస్యమైన ఫైలు గురించి సంజాయిషీ రాసే పద్ధతి కూడా ఇదే అనుకోండి.) మా ఆవిడ ఏడు చెంచాలు కిటికీ గట్టు మీద వరుసగా ఎండబెడుతుంది. ఒక చెంచా మాత్రం తడిపి పెడుతుంది. ప్రశ్న పిల్లవాడు అడగాలి, జవాబు మామ్మ చెప్పాలి. మొదట్లో ప్రశ్న కోడలు అడిగేది. ఇప్పుడు వాడే అడుగుతాడు. చీమ దగ్గరికి వచ్చేసరికి తన వేలు తనే గిల్లుకుని కెవ్వున అరుస్తాడు. ఇదే కథ కొన్ని నెలలుగా రోజూ చెబుతోంది. కొత్త కథ చెబుదామంటే వాడు ఒప్పుకోడు. చిన్నపిల్లలకు అదే కథ, అదే వరుస కావాలి. మనకు విసుగు పుట్టవచ్చు, వాళ్లకు పుట్టదు.

పొద్దున్నే మా పెరటి గోడ మీద కాకికి అన్నం పెడతాం. ఉడుత కూడా వస్తుంది. నేను ఫోనును గోడ వైపు తిప్పి పట్టుకుని మాట్లాడకుండా నిలబడతాను. పిల్లలిద్దరూ అక్కడ ఊపిరి బిగబట్టి చూస్తారు. ఐదు నిమిషాలు ఎవరూ ఒక్క మాట అనరు. అది కూడా కాలే. ఉడుత వచ్చి వెళ్లాక మాత్రం ఇద్దరూ ఒకేసారి మాట్లాడతారు.

మనవరాలు పెద్దదైంది, ఆరేళ్లు. దానికి ఉడుతలు చాలవు. దానితో అష్టాచెమ్మా ఆడుతున్నాను. ఇది ఎలా సాధ్యమని కొందరు మిత్రులు ఆశ్చర్యపోయారు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. ఇక్కడినుంచి వెళ్తున్న తెలిసినవాళ్ల సామానులో నాలుగు గవ్వలు పంపాను. అడ్డం అయిదు, నిలువు అయిదు, మొత్తం 25 గడుల పటం అది అట్ట మీద గీసుకుంది, నేను పాత క్యాలెండరు వెనక గీశాను. కాయలుగా నావి చింతపిక్కలు, దానివి చొక్కా గుండీలు. పటం ఇద్దరి దగ్గరా ఉంటుంది. నేను గవ్వలు వేస్తే ఫోనును కిందికి వంచి చూపిస్తాను. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, ఎనిమిది. నా పటం మీద నా కాయ జరుపుతాను, అది తన పటం మీద కూడా నా కాయను జరుపుతుంది. అలాగే దాని కాయను నేను ఇక్కడ జరపాలి. అంటే ఆట సాగాలంటే ఇద్దరమూ ఒకరి కాయను ఒకరు చూసుకోవాలి. మొన్న నేను లెక్క చూస్తుంటే నా కాయ ఒకటి దాని పటం మీద రెండు గడులు వెనక ఉన్నట్టు తేలింది. "తాతా, నీ కాయ నేనే నొక్కేశాను, కాస్త వెనక్కి పోయిందిలే" అంది. ట్రయల్ బ్యాలెన్సు కుదరనప్పుడు మా హెడ్ అకౌంటెంటుగారు కూడా ఇంత ధైర్యంగా చెప్పేవారు కాదు. కాయ పండినప్పుడు అది అక్కడ గంతులు వేస్తుంది, ఆ గంతులకు ఫోను పడిపోతుంది. ఒక్కో ఆట రెండు మూడు రోజులు సాగుతుంది. కాల్ ముగించేటప్పుడు కాయలు ఎక్కడివక్కడ ఉంచేస్తాం. కాబట్టి మర్నాడు అదే ఫోను చేస్తుంది, నేను చేయనక్కరలేదు. పిల్లలు ఫోను దగ్గరికి రారనేవాళ్లు ఇది గమనించాలి. సగంలో ఆగిన పని ఉంటే వాళ్లే వస్తారు.

ఆటల మీద ఇంతసేపు చెప్పడానికి కారణం ఉంది. అసలు భయం భాష గురించి. మనవరాలికి మూడేళ్ల వరకు ఇంట్లో తెలుగే. నాలుగో ఏట అక్కడ ప్రీస్కూలుకి వెళ్లడం మొదలుపెట్టిన ఆరు నెలల్లో జవాబులన్నీ ఇంగ్లీషులోకి మారిపోయాయి. నాకు కలెక్టరేట్ ఇంగ్లీషు వచ్చు కనుక ఎలాగో నెట్టుకొస్తాను. మా ఆవిడ ఏడో తరగతి తెలుగు మీడియం. మనవరాలి మాట మామ్మకు తెలియదు, మామ్మ మాట మనవరాలికి సగమే తెలుస్తుంది. మధ్యలో కోడలు దుబాసీలా నిలబడాలి. దుబాసీని పెట్టుకుని ఎవరైనా మనవరాలిని ముద్దు చేయగలరా? అప్పుడు నాకు నిజంగా గుబులు పట్టుకుంది. పిల్లలు ఆరేడేళ్లు వచ్చేలోపు ఈ తాడు తెగితే, తర్వాత మనం వాళ్లకు పండగనాడు నమస్తే చెప్పించుకునే ముసలివాళ్లుగా మిగులుతాం.

"తెలుగులో మాట్లాడు" అని గద్దిస్తే పిల్లలు అసలు మాట్లాడడమే మానేస్తారు. అది నేను మా బంధువుల ఇంట్లో చూశాను. మా ఆవిడ వేరే దారి పట్టింది. తనకు ఇంగ్లీషు నేర్పమని మనవరాలిని అడిగింది. ఒకటికి ఒకటి లెక్క. మామ్మ ఉడుతను చూపించి "దీన్ని మీరేమంటారే?" అంటుంది. అది "స్క్విరల్" అంటుంది. మామ్మ పలకలేక తంటాలు పడుతుంది, అది పకపకా నవ్వి మళ్లీ పలికిస్తుంది. పలికించాలంటే "ఉడుతని స్క్విరల్ అనాలి మామ్మా" అని తెలుగులోనే చెప్పాలి కదా! పంతులమ్మకు శిష్యురాలి భాష రాకపోతే ఎలా? ఇలా మా ఆవిడకు ఓ యాభై ఇంగ్లీషు మాటలు వచ్చాయి. వాటికి నాలుగింతలు తెలుగు మాటలు మనవరాలి నోట నిలిచాయి. వారాంతంలో అక్కడి మనబడికి కూడా పంపుతున్నారు. సిలికానాంధ్రవారు 2007లో మొదలుపెట్టిన ఆ బడిలో అక్షరాలు నేర్పుతారు, మంచిదే. కాని అక్షరం నేర్చుకున్నాక అది ఎవరికోసం రాయాలో పిల్లకు తెలియాలి. కిందటి సంక్రాంతికి మామ్మ ఫోనులో చుక్కలు పెట్టి ముగ్గు వేసి చూపిస్తే, అది వాళ్ల గుమ్మం ముందు సుద్దముక్కతో వేసి, కింద వంకరటింకరగా "మామ్మ" అని రాసింది. కొమ్ములూ ఒత్తులూ ఎటు పోతేనేం.

ఇప్పుడు కొన్ని ఇబ్బందుల సంగతి.

వేళల లెక్క తెలిసి ఉండాలి. డల్లాస్‌కూ మనకూ చలికాలంలో పదకొండున్నర గంటల తేడా, వేసవిలో పదిన్నర. మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారాలు మారుస్తారు. ఇప్పుడు మన ఉదయం ఆరున్నర వాళ్లకు ముందు రోజు రాత్రి ఏడు. పిల్లలు అన్నం తిని పడుకునే వేళ అది. మనకు ఖాళీగా ఉందని మధ్యాహ్నం రెండు గంటలకు చేస్తే అక్కడ రాత్రి రెండున్నర. వేళ ఒకటే పెట్టుకుని దానికి కట్టుబడితే పిల్లలకు అలవాటవుతుంది. వారానికోసారి గంటసేపు కంటే, రోజు విడిచి రోజు పది నిమిషాలు మేలు. రెండేళ్లవాడు మూడు నిమిషాలకే వెళ్లిపోతే వెళ్లిపోనివ్వండి. ఫోను అక్కడే ఉంచమనండి, వాడు ఆడుకుంటుంటే మనం చూస్తూ కూర్చోవచ్చు. ఇంట్లో మనవడు ఆడుకుంటుంటే మనం వాలుకుర్చీలో కూర్చుని చూడమా?

ఫోనును చేత్తో పట్టుకుంటే మన గడ్డమో ఫ్యానో కనబడుతుంది. స్టాండు దొరుకుతుంది, లేదా బియ్యం డబ్బాకి ఆనించండి. కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే మన ముఖం నల్లగా కనిపిస్తుంది, కిటికీ వైపు తిరిగి కూర్చోవాలి. టీవీ కట్టేయాలి. వినికిడి యంత్రం ఉన్నవాళ్లు సిగ్గుపడకుండా పెట్టుకోవాలి. పిల్లవాడు ముద్దుమాట అన్నప్పుడు "ఆఁ? ఏమిటీ?" అని మూడుసార్లు అంటే నాలుగోసారి వాడు చెప్పడు. ఏటేటా బతికే ఉన్నామని ట్రెజరీవారికి ఫోనులో ముఖం చూపించి జీవన్ ప్రమాణ్ తీసుకునేవాళ్లం, ఈ మాత్రం నేర్చుకోలేమా? తెలియని నంబరు నుంచి వీడియో కాల్ వస్తే మాత్రం ఎత్తకండి. పోలీసులమని, అరెస్టు చేస్తున్నామని ఫోనులో బెదిరించేవాళ్లు తయారయ్యారు. అలా మోసం జరిగితే 1930కి ఫోను చేయాలి.

కొడుకులు, కోడళ్ల గురించి ఒక మాట. రెండేళ్ల పిల్లవాడు తనంత తాను ఫోను చేయలేడు. మధ్యలో ఫోను నిలబెట్టే మనిషి ఆఫీసు నుంచి అలసి వచ్చిన మనిషి. ఆ మనిషితో, పిల్లల కాల్‌లోనే, పొలం కౌలు గురించి, చెల్లెలి సంబంధం గురించి, బి.పి. మాత్రల గురించి మొదలుపెడితే పిల్లవాడు లేచిపోతాడు, పెద్దవాళ్ల ముఖాలు ముడుచుకుంటాయి. ఇవి రెండు వేర్వేరు ఫైళ్లు, కలపకూడదు. పెద్దల మాటలకు వేరే రోజు, వేరే కాల్. "మీ పిల్లలకు తెలుగు రాదు, మీ పెంపకం అలా ఉంది" అనే మాట కోడలి చెవిన పడితే ఆ ఇంట్లో ఫోను స్టాండు మూలకు చేరుతుంది. ఈ వంతెనకు రెండు వైపులా మనమూ మనవలూ అనుకుంటాం గాని, వంతెన మాత్రం కోడలే. వియ్యాలవారితో పోటీ కూడా వద్దు. శనివారం అమ్మమ్మగారిది, ఆదివారం మాది అని మా వియ్యపురాలూ మా ఆవిడా మాట్లాడుకుని పంచుకున్నారు. మా వియ్యంకుడుగారు లెక్కల మాస్టారు, ఎక్కాల పాట నేర్పుతుంటారు. ఆయన దారి ఆయనది.

కాల్ ముగించే పద్ధతి కూడా ముఖ్యమే. మనం "సరే ఉంటా" అని ఎర్ర గుర్తు నొక్కుతాం. చిన్నపిల్లవాడికి అది మామ్మ మాయమైపోవడం. మా ఇంట్లో ముగింపు ఒకటే ఉంటుంది. మామ్మ దేవుడి గూటిలోని చిన్న గంట మూడుసార్లు మోగిస్తుంది. మూడోసారి అయ్యాక ఎర్ర గుర్తు పిల్లవాడే నొక్కుతాడు. వాడు నొక్కాడు కాబట్టి ఏడవడు.

హైదరాబాదులో, బెంగుళూరులో పిల్లలున్నవాళ్లు "మాకేం, సెలవులకు వస్తారు" అనుకోవచ్చు. 2022లో మనవరాలు మూడేళ్ల పిల్లగా వచ్చినప్పుడు, ఇంటికి రాగానే మా ఎవరి దగ్గరికీ రాలేదు. గుమ్మంలో కాసేపు తల్లి కాళ్లు పట్టుకుని నిలబడింది. తర్వాత నేరుగా పెరట్లోకి వెళ్లి గోడ చూపించి "కాకి ఏదీ?" అంది. ఇల్లు దానికి ముందే తెలుసు. ఆ సాయంత్రానికి మా ఆవిడ ఒళ్లో ఉంది. ఏడాదికి రెండుసార్లు వచ్చే పిల్లలైనా సరే, రెండు రాకల మధ్య ఉన్న నెలల్లో ఈ ఇంటిని వాళ్లకు చూపిస్తూ ఉండాలి.

మనవడు ఎప్పుడు వస్తాడో తెలియదు. వచ్చే వేసవి అంటున్నారు, కిందటి వేసవీ అదే అన్నారు. మా ఆవిడ వాడి కొలతకి లాల్చీ కుట్టించి బీరువాలో పెట్టింది. అది చిన్నదైతే ఇంకొకటి కుట్టిస్తానంటోంది.

చివరగా కార్యవర్గానికి ఒక విన్నపం. మన సంఘంలో ఒంటరిగా ఉంటున్న ఫ్యామిలీ పెన్షనర్ సోదరీమణులు చాలామంది ఉన్నారు. ఫోను ఉంది, అది కొడుకు పంపిందే, కాని బొమ్మ కాల్ ఎలా చేయాలో చెప్పేవారు లేరు. పక్కింటి కుర్రాణ్ని రోజూ అడగలేరు. ప్రతి రెండో శనివారం ఉదయం 10 గంటల నుంచి 12 వరకు సంఘం ఆఫీసులో నేను కూర్చుంటాను, అధ్యక్షులవారు అనుమతి ఇచ్చారు. ఇంటర్నెట్ సంగతులు బాగా తెలిసిన మా వీధి డిగ్రీ కుర్రాళ్లు ఇద్దరు సాయం వస్తామన్నారు. ఫోనూ, ఛార్జరూ, కళ్లజోడూ తెచ్చుకోండి. మీ పిల్లలు ఏ ఊళ్లో ఉన్నారో చెబితే, వాళ్ల వేళ, మన వేళ ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి ఇస్తాను, గోడకు తగిలించుకోవచ్చు. గవ్వలు కావలసినవాళ్లు ముందుగా చెప్పండి. అంతర్వేది తీర్థానికి వెళ్లేవాళ్ల చేత తెప్పిస్తాను.